వంకుల దాకా రాసిన లెక్క

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. నాకు 36 ఏళ్లు. ఒక మండల కేంద్రంలో 140 మంది ఉన్న సంఘానికి కాపరిని. రెండేళ్ల కిందట డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో, 1000 మంది పట్టే మందిరం కట్టమని దేవుడు నాకు దర్శనం ఇచ్చాడని ప్రకటించాను. ‘నీ గుడారపు స్థలమును విశాలపరచుము’ అని ఫ్లెక్సీ కూడా వేయించాం. 16 పిల్లర్లు లేచాయి. స్లాబ్ దగ్గర పని ఆగిపోయి పది నెలలైంది. నా భార్య నగలు కుదువలో ఉన్నాయి. మా సంఘ పెద్ద ఒకాయన కమిటీలో లెక్కలు అడిగారు. నాకు చాలా బాధేసింది. తర్వాతి ఆదివారం, మోషే నాయకత్వం మీద కోరహు చేసిన తిరుగుబాటు గురించి వాక్యం చెప్పాను. అప్పటినుంచి ఆయన కుటుంబం రావడం లేదు. ఇంకోపక్క యూత్ అదుపులో లేరు. పది గంటల ఆరాధనకు పదకొండుకు వస్తారు. పక్క ఊళ్లో కూడిక ముగించుకుని నేను చేరేసరికే పదీ ఇరవై అవుతుంది, వాళ్లు నాకంటే వెనక. గిటార్ వాయించే అబ్బాయిని ఒకరోజు అందరి ముందే స్టేజి దిగిపొమ్మన్నాను. వాడితోపాటు ఆరుగురు మానేశారు. దర్శనం లేని చోట జనులు నశిస్తారని బైబిల్లోనే ఉంది కదా. మరి నా దర్శనం వీళ్లకెందుకు అర్థం కావడం లేదు? వీళ్లను క్రమశిక్షణలో పెట్టేదెలా?

జవాబు: తమ్ముడూ, వందనాలు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి నగల మాట దగ్గర ఆగిపోయాను. కుదువలో ఉన్నాయని రాశావు, మీ ఆవిడ ఏమందో రాయలేదు. ఆ సంగతి చివర్లో మాట్లాడతాను.

ముందు నువ్వు ఎత్తిన వచనం చూద్దాం. ‘దర్శనం లేని చోట జనులు నశిస్తారు’ అనే మాట మన కూటాల్లో బాగా వాడుకలో ఉంది. అది పాత ఇంగ్లీషు బైబిల్ నుంచి వచ్చిన మాట. మన తెలుగు బైబిల్ తెరిచి సామెతలు 29:18 చదువు: ‘దేవోక్తి లేనియెడల జనులు కట్టులేక తిరుగుదురు, ధర్మశాస్త్రము ననుసరించువాడు ధన్యుడు.’ దేవోక్తి అంటే దేవుడు పలికిన మాట. నాయకుడి మనసులోని ప్లాన్ గురించి ఈ వచనం మాట్లాడడం లేదు. జనం నశించడం గురించి కూడా కాదు, కట్టు తప్పడం గురించి చెబుతోంది. నువ్వు అడిగిన రెండు ప్రశ్నలు, దర్శనం ఒకటి, క్రమశిక్షణ ఒకటి, ఈ ఒక్క వచనంలోనే ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. దేవుని మాట వినబడని చోట జనం కట్టు తెంచుకుంటారు. నీ సంఘంలో జనం కట్టు తప్పారని నువ్వే రాశావు. అలాంటప్పుడు వాళ్లకు వినబడుతున్నది దేవుని మాటా, మన మాటా అని ముందు మనమే చూసుకోవాలి.

‘కట్టులేక’ అన్నచోట హెబ్రీలో ఉన్న మాట బైబిల్లో ఇంకో చోట కూడా వస్తుంది. నిర్గమకాండము 32:25. ప్రజలు విచ్చలవిడిగా తిరుగుతుండడం మోషే చూశాడు, అలా తిరగనిచ్చింది మోషే అన్న అహరోను అని అక్కడ రాసి ఉంది. అదే మాట, జనం బంగారు దూడను చేయించుకుని మొక్కిన చోట.

ఆ దూడ కథను ఈసారి డబ్బు వైపు నుంచి చదువు. మోషే కొండమీద ఉన్నాడు. జనం తనను ఆరాధించడానికి కట్టాల్సిన ప్రత్యక్షపు గుడారం రూపం దేవుడు ఆయనకు చూపిస్తున్నాడు. నలభై రోజులైనా ఆయన దిగి రాలేదు. కింద జనం ఆగలేకపోయారు, కళ్లకు కనబడేది ఏదో ఒకటి కావాలన్నారు. అహరోను చెవిపోగులు అడిగాడు. ఇచ్చారు. దూడ లేచింది. మోషే వచ్చి ఇదేమిటని నిలదీస్తే అహరోను చెప్పిన జవాబు 24వ వచనంలో ఉంది. బంగారం నాకిచ్చారు, నేను దాన్ని అగ్నిలో వేశాను, ఈ దూడ అయింది. ఎవరు ఎంత ఇచ్చారు, ఎవరు కరిగించారు, ఎవరు పోత పోశారు, ఏమీ లేదు. అగ్నిలో వేస్తే దూడ దానంతటదే అయిందట.

ఇప్పుడు కొన్ని పేజీలు తిప్పి 38వ అధ్యాయం చివరికి రా. అదే జనం, అదే బంగారం, అదే అరణ్యం. గుడారం పని పూర్తయింది. కొండమీద ప్రత్యక్షంగా చూసిన దర్శనం అది, అంతకంటే గొప్ప దర్శనం ఎవరికి వచ్చింది? అలాంటి పని చివర ఏముంది? లెక్క ఉంది. బంగారం 29 మణుగుల 730 తులములు. వెండి 100 మణుగుల 1775 తులములు. ఆ 100 మణుగులతో 100 దిమ్మలు పోయించారు, ఒక్కో దిమ్మకు ఒక్కో మణుగు. మిగిలిన 1775 తులములు ఏమయ్యాయి? స్తంభాలకు వంకులు చేయించారు, పైన రేకులు పొదిగించారు. వంకులు అంటే తెర తగిలించే కొక్కేలు, తమ్ముడూ. కొక్కేల దాకా రాశారు. లెక్క పెట్టింది కూడా మోషే చేతులతో కాదు. అహరోను కొడుకు ఈతామారు లేవీయులతో పెట్టించాడు. దానికి ముందు 36వ అధ్యాయంలో ఇంకో సంగతి ఉంది. కావలసినదానికంటే ఎక్కువ వస్తోందని పనివాళ్లు చెబితే, ఇక కానుకలు తేవద్దని మోషే పాళెమంతా చాటించాడు. చాలు, ఆపండి అని మనం ఎప్పుడైనా అన్నామా?

నీ 16 పిల్లర్లు గుడారం వైపు ఉన్నాయా, దూడ వైపు ఉన్నాయా అన్నది నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను. లెక్క అడిగినప్పుడు నీకు బాధ ఎందుకు వేసిందో నువ్వే ప్రభువు ముందు కూర్చుని చూసుకో. దేవుడిచ్చిన పని లెక్క అడిగితే చిన్నబోదు.

ఇక కోరహు ప్రసంగం. ఈ మాట గట్టిగానే అంటాను, నీ మీద ప్రేమతోనే. నువ్వు చేసింది తప్పు. ఆ పెద్దాయన కమిటీలో అడిగారు, అంటే అడగాల్సిన చోటే అడిగారు. నువ్వు జవాబు చెప్పింది ఎదురు మాట్లాడే వీల్లేని చోట నుంచి. పైగా సంఖ్యాకాండము 16ను సగమే చదివావు. కోరహు లేచినప్పుడు మోషే ఏమన్నాడు? ‘వారి దగ్గర ఒక్క గాడిదనైనా నేను తీసుకోలేదు’ అన్నాడు, 15వ వచనం. ముసలితనంలో సమూయేలు ప్రవక్త కూడా జనాన్ని నిలబెట్టి, నేను ఎవని ఎద్దునైనా, గాడిదనైనా తీసుకున్నానా చెప్పండి అని అడిగాడు. కోరహు పేరు ఎత్తే కాపరికి ముందు ఆ గాడిద మాట చెప్పగలిగే ధైర్యం ఉండాలి. నువ్వు డబ్బు తిన్నావని నేననడం లేదు. నగలు కుదువ పెట్టినవాడివి, తినేవాడివి కావు. కానీ అది నీకు తెలుసు, నాకు తెలుసు. వాళ్లకు తెలిసే దారేది?

నా సంగతి ఒకటి చెబుతాను. ముప్పై ఏళ్ల కిందట నేను ఉన్న పల్లె సంఘంలో కానుకల సంచి ఆదివారం మధ్యాహ్నం నేరుగా మా ఇంటికే వచ్చేది. బీరువాలో నా జీతం పక్కనే పెట్టేవాడిని. పాపకు జ్వరం వస్తే అందులోంచి వంద తీసేవాడిని, జీతం రాగానే మళ్లీ పెట్టేద్దామని. కొన్నిసార్లు పెట్టాను. కొన్నిసార్లు పెట్టానో లేదో నాకే గుర్తుండేది కాదు. ఆ సంఘంలో ఒక అవ్వ ఉండేది, వితంతువు. రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు గుప్పెడు తీసి పక్కన డబ్బాలో వేసేది. నెలాఖరుకు ఆ గుప్పెడు బియ్యం మందిరానికి తెచ్చేది, స్త్రీల సమాజం వాళ్లు అమ్మి డబ్బు నాకిచ్చేవాళ్లు. ఒకరోజు ఆరాధన అయ్యాక ఆమె నా దగ్గరకొచ్చి, కొంగు ముడి విప్పి ఐదు రూపాయల నోటు నా చేతిలో పెట్టింది. చెమటకు మెత్తబడిపోయిన నోటు. పెట్టి అడిగింది: “అయ్యా, పోయిన నెల నా బియ్యం ఎంతకు పోయినియ్?” ఆమెకు నా మీద అనుమానం లేదు. తన గుప్పెడు గుప్పెడు కలిసి ఎంతయిందో తెలుసుకోవాలని ముచ్చట, అంతే. నా దగ్గర జవాబు లేదు. నేను నసుగుతుంటే ఆమే నన్ను ఊరుకోబెట్టింది. “పోన్లే అయ్యా, దేవుడికి తెలుసు గదా” అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దేవుడికి తెలిస్తే చాలదని పౌలే రాశాడు. యెరూషలేము పరిశుద్ధుల కోసం పోగైన చందా తీసుకెళ్లేటప్పుడు తనొక్కడే మోయలేదు, సంఘాలు ఏర్పరచిన మనిషిని వెంటబెట్టుకున్నాడు. ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండాలని మా జాగ్రత్త అన్నాడు, 2 కొరింథీ 8:21. మరుసటి ఆదివారం నుంచి సంచి ఇద్దరు పెద్దల చేతికి, స్త్రీల సమాజం సెక్రటరీ చేతికి వెళ్లింది. ముగ్గురూ అక్కడే బల్ల మీద లెక్కపెట్టి, కాగితం మీద రాసి, సంతకాలు పెట్టి తలుపుకు అతికించేవాళ్లు. మొదటి నెల అతికించిన కాగితంలో ఆ అవ్వ బియ్యం డబ్బు విడిగా రాయించాను. ఆమెకు చదువు రాదు. మనవడితో చదివించుకుంది.

ఇప్పుడు యూత్. ‘క్రమశిక్షణలో పెట్టడం’ అంటే మన సంఘాల్లో ఒకే అర్థం మిగిలింది, ప్రభురాత్రి భోజనపు బల్లకు దూరం పెట్టడం, పదవి పీకేయడం. శిక్షణ అన్న మాటను శిక్షకే కుదించేశాం. హెబ్రీ 12:11 చూడు. శిక్ష ప్రస్తుతానికి దుఃఖంగానే ఉంటుంది, కానీ దానివల్ల ‘అభ్యాసము కలిగినవారికి’ సమాధానకరమైన ఫలం ఇస్తుంది అంటోంది. అభ్యాసం, అంటే రోజూ చేయగా చేయగా వచ్చేది. స్టేజి దిగిపో అని ఒక్కమాట అంటే అభ్యాసం రాదు. ఆ అబ్బాయి తప్పు చేసి ఉండొచ్చు. మత్తయి 18 ప్రకారం మొదట వాడూ నువ్వూ ఒంటరిగా మాట్లాడుకోవాలి. నువ్వు ఆఖరి మెట్టు మీద మొదలుపెట్టావు.

అసలు చిక్కు నీ ఉత్తరంలోనే ఉంది. ఆరాధన పదింటికి, నువ్వు వచ్చేది పదీ ఇరవైకి. పక్క ఊరి కూడిక మంచి కారణమే, కాదనను. అయినా పిల్లలు కారణం చూడరు, గడియారం చూస్తారు. యాజకుడైన ఏలీ సంగతి ఇదే. కొడుకులను మందలించలేదా అంటే మందలించాడు, మాటలు చాలానే చెప్పాడు. కానీ అడ్డగించలేదు. ఎందుకు అడ్డగించలేకపోయాడు? వాళ్లు నైవేద్యాల్లోంచి తీసిన మంచి భాగాలతో మీరంతా కొవ్వారని దేవుడు ఏలీని కూడా కలిపి అన్నాడు. ఆ రోజుల్లో ప్రత్యక్షాలు అరుదైపోయాయని 1 సమూయేలు 3 మొదటి వచనంలో ఉంది. దేవోక్తి లేదు, కట్టూ లేదు. యెరూషలేము గోడ తిరిగి కట్టించిన నెహెమ్యాను చూడు. వడ్డీలు పిండుతున్న పెద్దల మీద మండిపడ్డాడు, కానీ ఆ వెంటనే, నేనూ నా బంధువులూ కూడా అప్పిచ్చాం, వదిలేద్దాం అని తనను ముందు నిలబెట్టుకున్నాడు. అధికారిగా తనకు రావలసిన భోజనపు సొమ్ము పన్నెండేళ్లు ముట్టుకోలేదు. అలాంటివాడు అడిగితే జనం అక్కడికక్కడే సరే అన్నారు.

కాబట్టి వచ్చే ఆదివారం పది కొట్టగానే ఆరాధన మొదలు కావాలి. నువ్వు ఉన్నా లేకపోయినా. పెద్దల్లో ఒకరు ప్రార్థన చేసి, ఒకరు కీర్తన ఎత్తుకోవాలి. అన్నీ నేనే చేయాలన్న మోషేకి మామ యిత్రో చెప్పాడు, ‘నీవు చేయుచున్న పని మంచిది కాదు’ అని. నువ్వు మాత్రమే కాదు, నీతో ఉన్న జనం కూడా నలిగిపోతారన్నాడు. పక్క ఊరి కూడికను కూడా ఒక నమ్మకమైన సహోదరుడికి అప్పగించే రోజు దగ్గర్లోనే పెట్టుకో.

దర్శనం ఆలస్యమైందని నీకున్న టెన్షన్ నాకు అర్థమవుతుంది. మన ఒంగోలు సంగతి గుర్తు చేస్తాను. 1854 జనవరి 1న తెల్లవారకముందే అమెరికన్ బాప్టిస్టు మిషనరీలైన జ్యూయెట్ దంపతులు ముగ్గురు తెలుగు విశ్వాసులతో కలిసి ఒంగోలు పక్కన కొండెక్కి ప్రార్థించారు. ఐదుగురే. నువ్వు ప్రకటించింది కూడా ఆ కొత్త సంవత్సరం గడియలోనే కదా. ఆ ముందు ఏడాదే అమెరికాలో వాళ్ల మిషన్, తెలుగు పని మూసేద్దామా అని చర్చ పెట్టింది. అలాంటి రోజుల్లో కింద కనబడుతున్న ఊరి కోసం ఒక కాపరిని పంపమని అడిగారు. ఒంగోలులో కాపురముండే మిషనరీ దొరకడానికి 1866 దాకా పట్టింది. పన్నెండేళ్లు. వచ్చినవాడు జాన్ క్లౌ.

క్లౌ చేసిన ఒక పని నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపిస్తుంది. 1876లో కరువు మొదలైంది. ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని చూపించాడు. వేల మంది బాప్తిస్మం ఇమ్మని వచ్చారు. కరువు సాయం సాగినంతకాలం, ఏడాదికి పైగా, ఆయన ఒక్కరికి కూడా ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారో క్రీస్తు కోసం వచ్చారో తేలాలన్నాడు. లెక్క పెంచుకునే అవకాశం గుమ్మం ముందుకొస్తే చేతులు కట్టుకు నిలబడ్డాడు. సాయం ఆగాక, పంచడానికి ఏమీ లేనప్పుడు కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2222 మందికి బాప్తిస్మం జరిగింది. ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కోసారి ఇద్దరు చొప్పున నీళ్లలో దిగి. క్లౌ ఒడ్డునే ఉన్నాడు.

నీ దర్శనంలో ఏ భాగం దేవుడిదో, ఏ భాగం నీదో విడదీసి చూడు. ఆ ఊళ్లో ప్రభువు నామానికి ఒక ఇల్లు ఉండాలన్నది దేవుడిదే అయి ఉండొచ్చు. 1000 అన్న అంకె ఎక్కడిది? 140 మందికి 1000 సీట్లు ఎవరు చెప్పారు? గోపురం కట్టాలనుకున్నవాడు ముందు ‘కూర్చుండి’ ఖర్చు లెక్క చూసుకోడా అన్నాడు ప్రభువు. నువ్వు నిలబడి ప్రకటించావు, ఇప్పుడు కూర్చోవాల్సి వచ్చింది. అందులో సిగ్గుపడేదేమీ లేదు. నెహెమ్యా అయితే రాజును అడిగే ముందు దాదాపు నాలుగు నెలలు ప్రార్థించాడు. అడిగినప్పుడు గడువు చెప్పాడు, కావలసిన మానుల గురించి కూడా ఉత్తరం రాయించుకున్నాడు. యెరూషలేము చేరాక మూడు రోజులాగి, ఎవరికీ చెప్పకుండా రాత్రిపూట గోడ చుట్టూ తిరిగాడు. ఒకచోట ఎక్కిన పశువు పోవడానికి కూడా సందు లేదట. పాడు ఎంతో కళ్లతో చూసుకున్నాకే నోరు తెరిచాడు.

నా సలహా ఇది. మందిరం కోసం కొత్త చందాలు ఇవాళ్టి నుంచి ఆపేయి. మంచి ఇంజినీరు ఎవరినైనా పిలిచి, ఉన్న పిల్లర్ల మీద 250, 300 మందికి సరిపడా ఎంతవరకు కప్పు వేయొచ్చో చూపించు, అవసరమైతే రేకులే వేయి. బయటికి ఉన్న చువ్వలు తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూయించు, అది ఆలస్యం చేయకు. రెండేళ్లలో వచ్చినదీ అయినదీ ముగ్గురి చేత రాయించు. రసీదు లేని ఖర్చు ఉంటే రసీదు లేదనే రాయించు. దాన్ని సంఘం ముందు చదివేది నువ్వు కాదు, వాళ్లు. చదవడం అయ్యాక నువ్వు లేచి, కోరహు ప్రసంగం ఎవరిని ఉద్దేశించి చేశావో పేరు చెప్పకుండానే ఒప్పుకుని క్షమాపణ అడుగు. గిటార్ అబ్బాయి ఇంటికి మాత్రం ఒక్కడివే వెళ్లు, స్టేజి ఊసెత్తకుండా వాడి చదువు సంగతి, ఇంటి సంగతి అడుగు. వాడు వెంటనే రాకపోవచ్చు. రాకపోయినా మళ్లీ వెళ్లు.

ఇక నగలు. అవి సంఘానికి అప్పా, కానుకా? ఆ మాట చెప్పాల్సింది నువ్వు కాదు, మీ ఆవిడ. తన ఇంటివారిని ఏలలేనివాడు దేవుని సంఘాన్ని ఎలా పాలిస్తాడని 1 తిమోతి 3లో ఉంది. ఏలడం అంటే అడగకుండా తీసుకెళ్లి కుదువ పెట్టడం కాదు. ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక ఆమెను అడుగు, ఆమె చెప్పింది పూర్తిగా విను, మధ్యలో వాక్యం ఎత్తకు. అప్పు అంటే అప్పుగానే లెక్కలో రాయించు, తీర్చే గడువుతో సహా.

ఆ పెద్దాయన ఇంటికి ఆదివారానికి ముందే వెళ్లాలి. మీ ఇద్దరూ కలిసి వెళ్లండి. రసీదు పుస్తకాలు, సిమెంటు బిల్లులు, మేస్త్రీ చీటీలు ఏవుంటే అవి ఒక సంచిలో వేసుకుని పట్టుకెళ్లు. ఆయన పాత సంగతులు తవ్వితే తవ్వనివ్వు. లెక్క రాసే ముగ్గురిలో మొదటివారిగా ఉండమని ఆయన్నే అడిగి, సంచి ఆయన దగ్గరే వదిలిపెట్టి రా.